రాయపూర్‌లో ఆగిన కమాను

రాయపూర్ వెళ్ళొచ్చి ఏడాది దాటింది. ఉన్నది నాలుగు రోజులు. కాశీ వెళ్ళొచ్చినవాళ్ళు కూడా తిరిగొచ్చాక ఇంతగా ఆలోచించి ఉండరు. నేను వాల్తేరు స్టేషన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాని, సాయంత్రాలు ఫిడేలు వాయిస్తాను. విజయనగరంలో గురువుగారి దగ్గర తొమ్మిదేళ్ళు నేర్చుకున్నాను. పక్కవాద్యానికి నన్ను పిలిచేవాళ్ళు నా చేతి తీపి గురించి పెద్దగా మాట్లాడరు గానీ, లయ గురించి మాత్రం చెబుతారు. ఆ గొప్ప నాకు కాస్త ఎక్కువే ఉండేది. ఈ రాత అంతా దాని గురించే అనుకోండి.

మా క్వార్టర్స్ వెనకవీధిలో ఐర్లండు నుంచి వచ్చిన ముసలి ఇంజన్ డ్రైవరు ఒకాయన ఉండేవాడు. పొద్దు వాలాక వరండాలో కూర్చుని తన దేశపు పాటలు ఫిడేలు మీద వాయించుకునేవాడు. ఆయనకి మోహనం నేర్పుదామని వెళ్ళి, ఆయన దగ్గర రీళ్ళూ జిగ్గులూ హార్న్‌పైపులూ నేర్చుకుని వచ్చాను. ఇవన్నీ అక్కడి నాట్యానికి వాయించే వరసలు. రైల్వేవాళ్ళ క్లబ్బులో, అదే ఇన్‌స్టిట్యూట్‌లో, ఆంగ్లో ఇండియన్ పిల్లలు ఆ నాట్యం ఆడితే నేనే వాయించేవాణ్ణి. మా ఇంట్లో వాటిని గంతుల పాటలు అనేవారు.

దొరలు దేశం విడిచిన నాలుగేళ్ళకి రాయపూర్ నుంచి ఉత్తరం వచ్చింది. రాసినావిడ మిసెస్ డోయల్, చనిపోయిన ఒక రైల్వే ఫోర్‌మన్ భార్య. అక్కడి ఇన్‌స్టిట్యూట్‌లో ఐర్లండు నాట్యం పోటీ పెడుతున్నానని, తన ఫిడేలు వాయించేవాడు ఆస్ట్రేలియా వెళ్ళిపోయాడని, నా పేరు మా డ్రైవరు ఒకప్పుడు చెప్పాడని, వేసవిలో తానూ స్వదేశం వెళ్ళిపోతోంది కనక ఇదే ఆఖరి పోటీ అని రాసింది. పాసు ఉంది, సెలవు ఉంది. బయల్దేరాను.

కొండల్లో రైలు

విజయనగరంలో పాసింజరు మారాలి. పార్వతీపురం దాకా మన ఊళ్ళే. అక్కడ ప్లాట్‌ఫారం మీద అణాకి నాలుగు ఇడ్లీలు, నీళ్ళలాంటి పచ్చడి. రాయగడ దాటాక కొండలు దగ్గరికొస్తాయి, ఇడ్లీ పోయి వడా వస్తుంది, ఆ తర్వాత అదీ పోయి మరమరాలు మిగులుతాయి. సొరంగాల్లో పెట్టెంతా బొగ్గు పొగ. నా తెల్ల లాల్చీ తిట్లాగఢ్ చేరేసరికి ఇంటికి పనికిరాని రంగులోకి దిగింది.

తిట్లాగఢ్‌లో ఒక ముసలమ్మ ఎక్కింది, చేతిలో విప్పపూల మూట. ఆమె పక్కన కోసా పట్టు అమ్మే వ్యాపారి. నా పెట్టె చూసి అందులో మందులున్నాయా అని అడిగాడు. తెరిచి చూపించాను. ముసలమ్మ ఫిడేలు చూసి నవ్వి, ఎవరూ అడక్కుండానే ఒక దదరియా ఎత్తుకుంది. పొలాల్లో ఆడవాళ్ళూ మగవాళ్ళూ ఒకరికొకరు జవాబు చెప్పుకుంటూ పాడే పాట అది. నేను శ్రుతి కలిపి వెంట వెళ్ళాను. మధ్యలో ఆమెకి దగ్గు వచ్చి చరణం తెగింది. నేను ఆ స్వరం మీదే కమాను నిలిపి, ఆమె ఊపిరి తీసుకునేదాకా ఆగి, మళ్ళీ ఆమెతో కలిసి దిగాను. తెగినట్టు ఎవరికీ తెలియలేదు.

"మీరు ఆమె కోసం ఆగారు," అన్నాడు వ్యాపారి హిందీలో.

పక్కవాద్యం అంటే అదే అన్నాను. మా గురువుగారు నేర్పిన మొదటి మర్యాద అది. పాడేవాడు తడబడితే మనం ముందుకు పోకూడదు, వాడి తప్పు మన విల్లు కింద దాగాలి. వ్యాపారి నాకు రెండు బత్తాయిలు ఇచ్చాడు. ఎంత సంతోషించానో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

గుఢియారీ

స్టేషన్ బయట టాంగావాడు "కహాఁ జాబే బాబూ?" అన్నాడు, ఎక్కడికి వెళ్ళాలని. నా హిందీ పుస్తకం హిందీ, అతనిది ఛత్తీస్‌గఢీ. ఇద్దరం కాసేపు ఒకరినొకరు గౌరవంగా చూసుకున్నాం. ఇంతలో నీలం చొక్కా, చేతికి గ్రీజు మరకలు ఉన్న ఒక మనిషి పరుగున వచ్చాడు.

"వాల్తేరు మేస్టారేనా? పెట్టె సూసి పోల్చుకున్నాను. నాను అప్పలస్వామినండి, ఫిట్టర్ని. మాది బొబ్బిలి దగ్గర. దొరసాని మిమ్మల్ని డాక్ బంగళాలో దింపమంది. నాను బిల్కుల్ ఒప్పుకోలేదు. తెలుగోడు ఒచ్చి బంగళాలో తినడమేటి?"

ఇల్లు గుఢియారీలో, పట్టాలకి అటువైపు. రైలు పోయినప్పుడల్లా గూట్లో గ్లాసులు కదులుతాయి. వీధిలో తాళాలు బాగుచేసేవాడు, పప్పు మిల్లు, ఇత్తడి సామాన్లకి కళాయి వేసేవాడు. నాలుగిళ్ళకొక తెలుగు ఇల్లు. వాళ్ళ తెలుగులో "లేకిన్" అనీ "పక్కా" అనీ రాళ్ళు తగులుతుంటాయి, అయినా యాస మాత్రం బొబ్బిలి దాటి రాలేదు. అప్పలస్వామి భార్య సూరమ్మ పొద్దున్నే చీలా పోసింది. అది మన అట్టే, పులియబెట్టకుండా పోస్తారు. పక్కన టమాటా పచ్చడి. ఎండ ఎక్కాక ఈ ఊరివాళ్ళు బోరే బాసీ తింటారని, అది మన చద్దన్నమే కానీ వీళ్ళు దాన్ని దాచుకోకుండా చుట్టాలకి కూడా పెడతారని చెప్పింది. మా ఇంట్లో చుట్టాలొస్తే చద్దన్నం కుండ తలుపు వెనక్కి పోతుంది.

ఆ ఇంటి కూతురు పైడితల్లి. పదిహేనేళ్ళు, సన్నగా, నిటారుగా ఉంటుంది. నీళ్ళ బిందె తెస్తున్నా భుజం వంగదు. ఎనిమిదేళ్ళుగా మిసెస్ డోయల్ దగ్గర నేర్చుకుంటోందని, పోటీలో తనూ ఉందని అప్పుడు తెలిసింది.

"రైల్వే పిల్లలందర్నీ దొరసాని రమ్మంది. మిగతా గుంటలు మానీసినారు, ఇది మానలేదు," అన్నాడు అప్పలస్వామి. "మావోళ్ళు నవ్వినారు, బూట్లేసుకుని గెంతడమేటని. ఫర్వా లేదన్నాను. మేస్టారూ, ఇనండి. పదారేళ్ళ లోపు పిల్లల్లో ఫస్ట్ ఒచ్చినోళ్ళని కలకత్తా తీసుకెల్తారంట. అక్కడ బడిలో సదువు సెప్పించి, టీచరు పరీచ్చకి కూకోబెడతారంట. వచ్చే ఏడు దీనికి పదారు నిండిపోతాది, దొరసానీ ఉండదు. ఇదొక్కటే సాన్సు."

పైడితల్లి నా ఫిడేలు పెట్టె మీది బొగ్గు మసిని పమిట కొంగుతో తుడిచి లోపల పెట్టింది.

దొరసాని నియమాల పుస్తకం

మిసెస్ డోయల్ పొట్టి మనిషి, జుట్టు నెరిసింది, మాట గట్టిది. ఇన్‌స్టిట్యూట్‌లో బిలియర్డ్స్ బల్ల పక్కకి జరిపించి, వేదిక మీద చెక్కలు తానే సుత్తితో సరిచూసుకుంటోంది. నాకు టీ ఇచ్చి, నియమాల పుస్తకం ముందు పెట్టింది.

మన ఊళ్ళో పాటల పోటీ అంటే తెలుసు కదా. పెద్దమనుషులు ముగ్గురు కూర్చుంటారు, వాళ్ళలో ఒకరి మేనకోడలికి బహుమతి వస్తుంది. ఇక్కడ అలా కాదు. డబ్లిన్‌లో ఒక సంఘం ఉంది. నేర్పేవాళ్ళు ఆ సంఘం పెట్టే పరీక్ష రాసి రిజిస్టరులో ఎక్కాలి. ఎక్కని గురువు శిష్యులకి పోటీలో నంబరు ఇవ్వరు. తీర్పు చెప్పేవాళ్ళకి ఇంకో పరీక్ష. వాళ్ళు తమ శిష్యులకీ చుట్టాలకీ తీర్పు చెప్పకూడదు, పోటీకి ముందు పిల్లలతో మాట్లాడకూడదు. వేదిక మీద పిల్లకి పేరు లేదు, గుండెల మీద నంబరు చీటీ మాత్రమే. వయసు జనవరి మొదటి తారీకుకి లెక్క. ఒక గురువుని వదిలి ఇంకొకరి దగ్గరికి వెళితే కొన్నాళ్ళు పోటీలకి దూరంగా ఉండాలి. దుస్తులు తమ దేశంలో నేసిన గుడ్డతోనే కుట్టాలి. ఈ మాట చదివి, ఇది మన ఖద్దరు లాంటిదే కదా అన్నాను.

"అదే నేనూ అనుకున్నాను," అంది ఆవిడ. "పైడితల్లి దేశం ఇది. అందుకని దాని గౌనుకి ఇక్కడి కోసా పట్టు ఆకుపచ్చ రంగు వేయించాను. సంఘానికి రాసి అనుమతి తెప్పించాను. మూడు నెలలు పట్టింది."

నేను వాళ్ళింట్లో ఉంటున్నాను, ఇందులో ఇబ్బంది లేదా అని అడిగాను.

"తీర్పు చెప్పే ఆమె ఉండకూడదు. వాయించేవాడి గురించి రాయలేదు. వాయించేవాణ్ణి గడియారం కింద లెక్కేశారు." ఆవిడ చెక్కపెట్టె ఒకటి తెచ్చి కీ తిప్పింది. దాని ముల్లు అటూ ఇటూ ఊగుతూ టక్కుటక్కుమంది. "ఒక్కో నాట్యానికి ఒక్కో వేగం. అందరికీ ఒకటే. వినండి, మీరు ఆ పిల్లల వంక చూడొద్దు. దీన్ని చూడండి."

అలాగే అన్నాను. ఇందులో కష్టమేముంది అనుకున్నాను.

పోటీ

కలకత్తా నుంచి వచ్చిన మిస్ హాన్లన్ వేదికకి ఎదురుగా చిన్న బల్ల దగ్గర కూర్చుంది. ముందు గంట, కాగితాలు, పెన్సిలు. వెనక బెంచీల నిండా రైల్వే జనం. మూడు వరసలు ఒక్క తెలుగువాళ్ళే. అప్పలస్వామి ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. సూరమ్మ నేల మీద కూర్చుంది, బెంచీ మీద కూర్చోనంది.

ఐర్లండు నాట్యం చూడనివాళ్ళకి చెబుతాను. నడుము పైన ఏమీ జరగదు. చేతులు పక్కల్నే ఉంటాయి, ముఖంలో నవ్వుండదు, కళ్ళు మాట్లాడవు. అభినయం అలవాటైన మనకి మొదట రాతి బొమ్మల్లా కనిపిస్తారు. కిందికి చూస్తే తెలుస్తుంది. అదంతా కాళ్ళలో ఉంది. గట్టి బూట్లు చెక్క మీద పడుతుంటే మృదంగం వాయించినట్టే లెక్క వినిపిస్తుంది. కుడికాలితో వేసిందంతా ఎడమకాలితో మళ్ళీ వేయాలి. అక్షరం పొల్లుపోకూడదు.

రీలు అయింది, జిగ్గు అయింది. రెండింటిలోనూ పైడితల్లి ముందుందని నాకు తెలిసిపోయింది. ఆమె గుండెల మీద నంబరు ఏడు. ఇక మిగిలింది హార్న్‌పైపు, ఒక్కొక్కరూ ఒంటరిగా ఆడేది. ఆమె వచ్చి నిలబడింది. నేను ముల్లు చూసి ఎత్తుకున్నాను.

కుడికాలి వరస పూర్తయింది. ఎడమకాలి వరస మధ్యలో ఆమె బూటు అంచు చెక్కల సందులో తగిలింది. నేను చూడకూడదు. చూశాను. ఆ కాలు గాల్లో ఉండిపోయింది, కింద పడాల్సిన దెబ్బ పడలేదు. నా చెయ్యి నన్ను అడగలేదు. తిట్లాగఢ్ ముసలమ్మకి ఆగినట్టే, ఆ స్వరం మీద కమాను నిలిచింది. అర దెబ్బ, అంతే. ఆమె కాలు దిగింది, నేను కలిశాను, ఇద్దరం కలిసి చివరిదాకా వెళ్ళాం. వెనక తెలుగు బెంచీలు చప్పట్లు కొట్టాయి. గురువుగారు ఉంటే భుజం తట్టేవారని అనుకున్నాను.

మిస్ హాన్లన్ పెన్సిలు బల్ల మీద కొడుతూ లెక్క పెడుతోంది. ఆ పెన్సిలు ఆగింది. ఆమె గంట కొట్టి మిసెస్ డోయల్ని పిలిచింది. తీర్పరి వాయించేవాడితో నేరుగా మాట్లాడకూడదట.

ఒక ప్రశ్న

మిసెస్ డోయల్ నా దగ్గరికి వచ్చి, అందరికీ వినబడేలా, నియమం ప్రకారం అడిగింది.

"ఏడో నంబరు నాట్యంలో లెక్క సాగింది. వాయించేవారి వైపు నుంచి తాళం తప్పిందా?"

హాలంతా నన్ను చూస్తోంది. మూడు వరసల తెలుగువాళ్ళు చూస్తున్నారు. వాళ్ళలో విజయనగరం మనిషి ఒకడు, నా గురువుగారి పేరు తెలిసినవాడు, పొద్దున్నే వచ్చి నాకు దండం పెట్టి వెళ్ళాడు. ముప్ఫై ఏళ్ళలో నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు.

"లేదండీ," అన్నాను. "నా తాళం తప్పలేదు."

ఆవిడ ఒక్క క్షణం నా ముఖంలోకి చూసింది. "సరిగా ఆలోచించి చెప్పండి."

"తొమ్మిదేళ్ళు నేర్చుకున్నానండీ," అన్నాను.

ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. మిస్ హాన్లన్ కాగితం మీద ఏదో రాసి సంతకం చేసింది. తర్వాతి పిల్ల వచ్చింది. నేను ముల్లు చూసి వాయించాను.

బహుమతులు చదివినప్పుడు ఏడో నంబరు లేదు. మొదటిది ఒక గార్డు కూతురిది. అందరూ వెళ్ళిపోయాక నన్ను బిలియర్డ్స్ బల్ల దగ్గరికి పిలిచి మిసెస్ డోయల్ పుస్తకంలో ఒక పేజీ తీసి చూపించింది. నాట్యం చేసేవాళ్ళు తాళం తప్పితే ఆ నాట్యానికి మార్కులు లేవు. వాయించేవారు తప్పితే, వాళ్ళు అక్కడికక్కడే ఒప్పుకుంటే, ఆ పిల్ల మళ్ళీ ఆడుతుంది. గురువు అభ్యంతరం చెప్పాలన్నా వాయించేవారి మాటే ఆధారం. సంతకం పడ్డాక కాగితం తెరవరు.

"నేనే ఆగానండీ," అన్నాను. "ఆమె కోసం ఆగాను."

"నాకు తెలుసు," అంది ఆవిడ. "నేను విన్నాను. కానీ నేను చెబితే చెల్లదు, అది నా శిష్యురాలు. మీరు చెప్పాలి. అందుకే రెండుసార్లు అడిగాను."

పుస్తకం మూసి, చెక్కపెట్టె ముల్లుని వేలితో ఆపింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బావుండేది.

తిరుగు ప్రయాణం

సాయంత్రం అప్పలస్వామి ఇంట్లో అన్నం పెట్టారు. ఎర్ర తోటకూర, పప్పు, నా కోసమని కొన్న పెరుగు. తినలేకపోయాను. మానెయ్యడానికీ ధైర్యం లేక కెలుకుతూ కూర్చున్నాను.

"ఏటయిందే?" అన్నాడు అప్పలస్వామి కూతురితో, కోపంగా కాదు. "రెండింటిలో బాగా ఆడినావు కదా."

ఆమె నా వంక చూడలేదు. "నా కాలే తప్పింది నాయినా. సెక్క తగిలింది."

"మేస్టారు బాగానే వాయించినారు కదా?"

"మేస్టారు బాగానే వాయించినారు."

అప్పుడు చెప్పాల్సింది. కంచం ముందు, ఆ ముగ్గురి ముందు, చెప్పడానికి ఏ నియమమూ అడ్డు లేదు. సూరమ్మ ఇంకొంచెం పెరుగు వేసింది. నేను తల వంచుకుని కలుపుకున్నాను.

మర్నాడు పొద్దున్న అప్పలస్వామికి డ్యూటీ. పైడితల్లీ తల్లీ స్టేషన్‌కి వచ్చారు. సూరమ్మ దారికి ఠేఠరి పొట్లం కట్టించడానికి అంగడి దగ్గర ఆగింది. ఠేఠరి అంటే శనగపిండి జంతికలు, వారం రోజులు నిలవుంటాయి. పైడితల్లి నా ఫిడేలు పెట్టె పట్టుకుని పక్కన నిలబడింది. నేను నోరు తెరిచాను.

"తెలుసు మేస్టారూ," అంది. "నా కోసమే ఆగినారు. లేకిన్ దొరసాని నాకు ఎనిమిదేళ్ళుగా ఒకటే సెప్తంది. కాలు తప్పితే ఒగ్గీయ్, తరవాతి దెబ్బకి అందుకో అని. అలాగైతే తాళం పోదు, రెండు మార్కులు పోతాయంతే. నాను అందుకోబోయినాను. పాట రాలేదు. మీరు ఆగిపోయినారని నానూ ఆగినాను."

ఇద్దరం ఒకరి కోసం ఒకరు ఆగాం. ఆమె నేర్చుకున్నదీ సరే, నేను నేర్చుకున్నదీ సరే. కానీ అడిగినప్పుడు నేను చెప్పిన మాట ఏ గురువూ నేర్పింది కాదు, అది నా సొంతం.

"మరి నాన్నతో ఎందుకలా చెప్పావమ్మా?"

"మా ఇంట్లో తింటన్నారు కదా మేస్టారూ," అంది.

రైలెక్కాను. కొండలూ సొరంగాలూ మళ్ళీ వచ్చాయి, ఈసారి వాటిని చూసిన గుర్తు లేదు. ఎవరో పెట్టెలో ఏముందని అడిగారు. మందులన్నాను.

వాల్తేరు

ఇంటికి రాగానే మిస్ హాన్లన్‌కి ఉత్తరం రాశాను. ఇంగ్లీషు తప్పుల్లేకుండా మా హెడ్ క్లర్కు చేత దిద్దించాను. తాళం తప్పింది నాదేనని, ఆ పిల్లకి మళ్ళీ ఆడే అవకాశం ఇవ్వమని వేడుకున్నాను. రెండు వారాలకి జవాబు వచ్చింది. మర్యాదగానే ఉంది. వాయించేవారి మాట హాల్లో చెప్పాలి, తర్వాత కాదు అని. మిసెస్ డోయల్ వేసవిలో ఓడ ఎక్కింది.

నేను కచేరీలకి వెళుతూనే ఉన్నాను. గాయకుడు తడబడితే ఇప్పటికీ ఆగుతాను, అది మానలేను. భలే ఆదుకున్నారని ఎవరైనా అంటే మాత్రం ముఖం తిప్పుకుంటాను.

పోయిన నెల అప్పలస్వామి కార్డు రాశాడు. అతనికి రాయడం రాదు, పక్కింటి టికెట్ కలెక్టరు చేత రాయించాడు. అందరూ క్షేమం. పైడితల్లి గుఢియారీలో ఆరుగురు రైల్వే పిల్లలకి ఆ నాట్యం నేర్పుతోందట. పప్పు మిల్లు వెనక ఖాళీ షెడ్డులో చెక్కలు పరిచారట. పిల్లలు బాగా ఆడుతున్నారట. కలకత్తాలో పోటీ ఉందని విని పేర్లు పంపిస్తే, నేర్పే మనిషి రిజిస్టరులో లేదు కనక నంబర్లు ఇవ్వమని తిప్పి పంపారట. చివర్న ఇలా ఉంది:

"మీకు ఆ కలకత్తా అమ్మగారు తెలుసు కదా. మా గుంట అడగొద్దంది, నానే రాయిస్తన్నాను. మీరు పెద్దోరు, మీ మాటంటే ఇంటారు. ఒక్క మాట సెప్పి పెట్టండి మేస్టారూ."

కార్డు ఫిడేలు పెట్టెలో ఉంది. జవాబు ఇంకా రాయలేదు.